పాలమ్మ కడుక్కున్న రెక్కలు

అనగనగా ఒక అడవి ఉండేది. ఉండేది అనే చెప్పాలి పిల్లలూ, ఎందుకంటే అది ఎప్పుడో పట్నమైపోయింది. చెట్లు నిలిచిన చోట పేటలు లేచాయి. కుందేళ్ళకు ఒక పేట, జింకలకు ఒక పేట, ఎలుకలకు ఇరుకు సందులు. ఆ పట్నం నడిబొడ్డున పెద్ద బొగ్గు కొలిమి ఒకటి ఉండేది. కొలిమిలో బొగ్గు మండితే నీళ్ళు ఆవిరయ్యేవి. ఆవిరి ఒక పెద్ద చక్రాన్ని తిప్పేది. చక్రం తిరిగితే పేటపేటకూ కరెంటు వచ్చి దీపాలు వెలిగేవి.

ఆ కొలిమిని చూసుకునేది జాంబయ్య అనే ఎలుగుబంటి. మంచివాడే, పనిదొంగ కాదు. కాని దీపం ఆరిపోయిందని ఎవరైనా ఒక మాట అంటే మాత్రం తట్టుకోలేడు.

బొగ్గు మండితే బూడిద లేస్తుంది కదా. ఆ బూడిద ఊరి మీద పడకుండా పొగ వెళ్ళే దారిలో పెద్ద పెద్ద సంచులు వేలాడగట్టారు. వాటిని గిజిగాళ్ళు వానాకాలపు గడ్డితో అల్లాయి. పొగ ఆ సంచుల్లోంచి దూరి పోవాలి. బూడిద లోపలే ఆగిపోవాలి. సంచులు నిండాక కొలిమి ఆపి, వాటిని దించి, దులిపి, మళ్ళీ కట్టాలి. ఆ పని చేసిన రాత్రి పట్నమంతా చీకటి.

సంచుల పక్కనే ఒక చిన్న తలుపు కూడా ఉంది. అది తెరిస్తే పొగ సంచుల జోలికి పోకుండా నేరుగా పొగగొట్టంలోకి వెళ్ళిపోతుంది. కొలిమి కొత్తగా రాజేసేటప్పుడు కాసేపు తప్ప దాన్ని తెరవకూడదని కట్టడి.

మరి సంచులు నిండాయని ఎలా తెలుస్తుంది? దానికి పెద్దలు ఒక ఆచారం పెట్టారు. కొలిమి గాలి నేరుగా తగిలేది తుమ్మలపేటకు. ఆ పేటలో ఉండే తెల్లకొంగ ప్రతి ఉదయం కూడలిలోని రాతి అరుగు మీదికి వచ్చి రెక్కలు చాపాలి. పట్నానికి పెద్దదిక్కయిన ఏనుగు భద్రమ్మ వాటిని చూడాలి. "తెలుపే" అని భద్రమ్మ అంటే కొలిమి మండుతుంది. "మాసింది" అంటే ఆ రోజు కొలిమి ఆగుతుంది, సంచులు దులుపుతారు.

ఆ ఏర్పాటు చేసినవాళ్ళు తెలివైనవాళ్ళే. కాని ఒక్క సంగతి మరిచిపోయారు. కొంగకు ఒంటి మీద మరక ఉంటే ఎక్కడలేని సిగ్గు. నలుగురిలోకి వెళ్ళేముందు కడుక్కోవడం దాని పుట్టుబుద్ధి.

ముందు ఆ అరుగు మీద నిలబడింది ఒక ముసలి కొంగ. అది మహా మొండిది. ఎంత మాసినా అలాగే వచ్చి నిలబడేది. ఎవరైనా నవ్వితే, "నేనింతే. చూసుకోండి, చూసి ఏడవండి" అనేది. అది పోయాక ఆ పని దాని కూతురు పాలమ్మకు వచ్చింది. పాలమ్మకు తల్లి తెలుపు వచ్చింది కాని తల్లి మొండితనం రాలేదు.

మొదట్లో అంతా బాగానే జరిగింది. పాలమ్మ వచ్చేది, రెక్కలు చాపేది. "తెలుపే" అనేది భద్రమ్మ. అందరూ ఎవరి పనికి వాళ్ళు వెళ్ళేవాళ్ళు.

చలికాలం మొదలయ్యాక ఒక ఉదయం పాలమ్మ నిద్రలేచి చూసుకుంటే రెక్కల మీద సన్నని బూడిద. ఆ రోజు జింకలపేటలో పెళ్ళి. పాలమ్మ బెరుకు బెరుకుగా అరుగెక్కి రెక్కలు చాపింది.

భద్రమ్మ తొండం ఎత్తి, "మాసింది" అంది.

కూడలి అంతా గొల్లున నవ్వింది.

"ఏమమ్మా, రాత్రి బొగ్గులో పడుకున్నావా?" అంది ఒక నక్క.

"కొంగనుకున్నాం, ఇదేదో కాకికి చెల్లెల్లా ఉందే!" అంది ఒక కోతి.

పెళ్ళికూతురి తల్లి జింక అయితే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఒక్క రోజు ఆగి మాసిపోయుంటే నీ సొమ్మేం పోయేది పాలమ్మా? నా బిడ్డ పెళ్ళి చీకట్లో చేయమంటావా?"

కొలిమి ఆగింది. సంచులు దులిపారు. చీకట్లో పెళ్ళి జరిగింది. వచ్చిన చుట్టాలు ఎవరి విస్తరి ఎవరిదో తెలియక ఒకరి తిండి ఒకరు తిన్నారు. మరునాటి నుంచి తుమ్మలపేట గాలి తేటగా ఉంది. కాని ఆ సంగతి ఎవరూ అనుకోలేదు. తేటగా ఉన్న గాలిని ఎవరు తలుచుకుంటారు? చీకట్లో జరిగిన పెళ్ళినే అందరూ తలుచుకున్నారు. పాలమ్మ ఎదురుపడినప్పుడల్లా జింకలు మొహం తిప్పుకున్నాయి.

కొన్నాళ్ళకు మళ్ళీ రెక్కల అంచులకు బూడిద అంటింది. కూడలికి వెళ్ళే దారిలో ఒక కాలవ ఉంది. పాలమ్మ కాలవ దగ్గర ఆగింది. అటు చూసింది, ఇటు చూసింది.

"అంచులే కదా మాసింది. సంచులు ఇంకా నిండి ఉండవు" అనుకుంది. రెక్కల అంచులు నీళ్ళలో ముంచి ఎత్తింది.

"తెలుపే" అంది భద్రమ్మ.

అన్నాళ్ళూ మొహం తిప్పుకున్న జింకే దగ్గరికి వచ్చింది. "ఇప్పుడు చూడు, ఎంత ముచ్చటగా ఉన్నావో! మల్లెపూవులా ఉన్నావు" అంది. పాలమ్మకు ప్రాణం లేచి వచ్చింది.

మరోసారి సగం రెక్క కడుక్కుంది. ఆ తర్వాత ఒళ్ళంతా కడుక్కుంది. ఆపైన అది రోజువారీ అలవాటైపోయింది. తెల్లవారేది, కాలవలో మునిగేది, అరుగెక్కేది, పొగిడించుకునేది. ఇది తప్పని మొదట్లో గుండెలో ఏదో గుచ్చుకునేది. ఒకే చోట రోజూ గుచ్చుకుంటే ఆ చోటు మొద్దుబారిపోతుంది కదా. అలాగే అయింది.

కాలవ గట్టున తుమ్మచెట్టు మీద నల్లయ్య అనే కాకి ఉండేది. ఒక ఉదయం అది తల వంచి చూసి, "వదినా, నీ కిందనుంచి పోయే నీళ్ళు నల్లగా పోతున్నాయేం?" అంది.

"దారిలో బురద తొక్కాను నల్లయ్యా."

"రెక్కలతో తొక్కావా?"

పాలమ్మ రెక్కలు విదిలించుకుని గట్టెక్కింది. కాకి ఊరుకోలేదు.

"నా మీద మసి పడితే ఎవరికి కనిపిస్తుంది చెప్పు. అందుకే పెద్దలు నిన్ను పెట్టారు, నన్ను పెట్టలేదు. నువ్వే కడుక్కుని పోతే ఇంక మనకు చెప్పేదెవరు వదినా?"

"నీకేం, ఎవరూ నవ్వరు. నవ్వేది నన్ను చూసి" అని విసురుగా అని పాలమ్మ వెళ్ళిపోయింది.

పాలమ్మకు ఒక్కతే కూతురు. పేరు నురగ. వానల్లో పుట్టింది. ఎండలు ముదిరి చెరువులు ఎండిపోయే వేళకు ఊరవతల పెద్ద చెరువు దగ్గరుండే కొంగల గుంపంతా దూరాన ఉన్న ఉప్పుటేటికి ఎగిరి వెళ్తుంది. అక్కడ నీళ్ళుంటాయి, చేపలుంటాయి. నురగకు అదే లోకం. "అమ్మా, ఉప్పుటేరు ఎంత పెద్దది? ఆకాశమంతనా? అక్కడ చేపలు ఎగురుతాయటగా?" అని పొద్దస్తమానం అడిగేది. పాలమ్మ తన ముక్కుతో దాని ఈకలు సర్ది, "వెళ్తావుగా, నీ కళ్ళతో నువ్వే చూద్దువుగాని" అనేది.

ఆ చలికాలం పొగమంచు వదలకుండా పట్టింది. అందులో మంచు ఎంతో, పొగ ఎంతో ఎవరికీ తెలియలేదు.

ఒక రోజు పక్క కొమ్మ మీది ఉడుత వచ్చింది. దాన్ని పేటలో అందరూ చారలత్త అంటారు.

"పాలమ్మా, మా చిన్నదానికి ఆయాసం పట్టుకుందే. పడుకుంటే ఈల వేసినట్టు వినిపిస్తోంది. గాలి చెడిందేమో, పిల్లలను తీసుకుని కాలవ అవతలికి పోదామా అనుకున్నాను. మళ్ళీ నిన్ను చూశాను. నువ్వు ముత్యంలా మెరిసిపోతున్నావు. గాలి బాగానే ఉన్నట్టేగా?"

నిజం పాలమ్మ నోటి దాకా వచ్చింది. కాని ఆ ఉదయమే జింకలు తన తెలుపు చూసి మురిసిపోయాయి. "చలికి అయి ఉంటుంది అత్తా. వెచ్చగా పడుకోబెట్టు" అంది.

చారలత్త తల ఊపి వెళ్ళిపోయింది. పిల్లలతో ఆ కొమ్మ మీదే ఉండిపోయింది.

తర్వాత నురగకు దగ్గు మొదలైంది. ముందు చిన్న దగ్గు. ఆపైన దగ్గి దగ్గి కళ్ళు తేలేసేది. పాలమ్మ దాన్ని తీసుకుని ముంగిస వైద్యుడు ఓబయ్య దగ్గరికి పరుగెత్తింది. ఏ వేరుకు ఏ గుణం ఉందో ఓబయ్యకు బాగా తెలుసు. అతను నురగ ఛాతీకి చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"ఈమధ్య తుమ్మలపేట నుంచి ఇలాంటి పిల్లలే వస్తున్నారమ్మా. అడగాల్సింది నిన్నే. గాలి ఎలా ఉంది?"

నురగ తల్లి మొహం వైపే చూస్తోంది.

"రోజూ చూస్తున్నారుగా వైద్యుడుగారూ. తెల్లగానే ఉంటున్నాను."

"ఆ, నిజమే. కొలిమి పొగ అయితే నీ రెక్క చెప్పేసేది. అయితే ఇది పొగ కాదు. కఫం చేసి ఉంటుంది. తేనెలో మిరియం పొడి కలిపి నాకించు. పొద్దున్నే గూట్లో కూర్చోబెట్టకు, కాసేపు బయట తిరగనివ్వు. మంచి గాలి తగిలితే కుదురుకుంటుంది."

పాలమ్మ తల ఊపింది. తేనె నాకించింది. రోజూ పొద్దున్నే కూతురిని బయట తిప్పింది. ఏ గాలిలో తిప్పుతోందో తనకు తెలుసు. తెలిసే తిప్పింది. వైద్యుడు చెప్పాడు కదా అని మనసుకు సర్దిచెప్పుకుంది. ఆ వైద్యుడికి అబద్ధం చెప్పింది తానే అన్న సంగతిని మాత్రం దగ్గరికి రానివ్వలేదు.

ఎండలు మొదలయ్యాయి. చెరువులు అడుగంటాయి. గుంపు బయలుదేరే రోజు దగ్గరపడింది. కొంగల్లో ఒక పద్ధతి ఉంది. కొత్త పిల్లలు ఎక్కడా వాలకుండా పెద్ద చెరువు చుట్టూ మూడుసార్లు తిరిగి రావాలి. అలా తిరిగినవాళ్ళనే గుంపులో కలుపుకుంటారు.

నురగ ఉత్సాహంగా ఎగిరింది. మొదటి చుట్టు అందరికంటే ముందుంది. "చూడమ్మా, చూడు!" అని పైనుంచి కేక వేసింది. రెండో చుట్టులో వెనకబడింది. మూడో చుట్టు సగంలో రెక్కలు ఆడుతూనే ఉన్నాయి, ఊపిరి ఆడలేదు. గట్టు మీద కుప్పకూలింది.

గుంపు పెద్ద వంగి దాని ఛాతీ చూశాడు. "రెక్కలు గట్టివే. లోపల దమ్ము లేదు. ఈ ఏడు వద్దు పాలమ్మా. దారిలో పడిపోతే ఎత్తుకునేవాళ్ళుండరు" అన్నాడు.

నురగ ఏడవలేదు. దగ్గు ఆగాక, "అయితే వచ్చే ఏడు వెళ్తానా తాతా?" అని అడిగింది. గుంపు పెద్ద దాని రెక్క ఒకసారి నిమిరి, మిగతా పిల్లల వైపు వెళ్ళిపోయాడు.

మరునాడు తెల్లవారింది. పాలమ్మ రెక్కల మీద ఎప్పటిలాగే మసి. కాలవ వచ్చింది. నీళ్ళు గలగలమంటున్నాయి. పాలమ్మ ఒక్క క్షణం ఆగింది. తర్వాత నీళ్ళ వైపు చూడకుండా ముందుకు నడిచింది.

అరుగెక్కి రెక్కలు చాపింది. బూడిదరంగు కాదు, పొయ్యి మీది కుండ అడుగులా ఉన్నాయి.

కూడలిలో ఎవరో నవ్వబోయారు. పాలమ్మ గొంతు విని ఆగిపోయారు.

"ఇది నిన్న ఒక్క రాత్రి మసి. రోజూ ఇంతే పడుతోంది. చలికాలమంతా ఇంతే పడింది. నేను కాలవలో కడుక్కుని వస్తున్నాను. మీరు నవ్వుతారని కడుక్కున్నాను. తెల్లగా ఉన్నానంటే సంతోషపడ్డాను."

గుంపు వెనకనుంచి జాంబయ్య తోసుకుంటూ ముందుకు వచ్చాడు.

"ఎంత పని చేశావమ్మా! సంచులు నిండి మంట తగ్గిపోతుంటే నేను పక్క తలుపు కాస్త తెరిచాను. భయపడుతూనే తెరిచాను. పొద్దున వచ్చి చూస్తే నువ్వు తెల్లగా ఉన్నావు. సరే, ఏమీ కాలేదనుకున్నాను. మర్నాడు ఇంకాస్త తెరిచాను. అప్పుడూ తెల్లగానే ఉన్నావు. ఆ తర్వాత ఇంక మూయనే లేదు. నువ్వు ఒక్కనాడు మాసి వచ్చుంటే మూసేవాణ్ణి తల్లీ!"

"నీ తలుపు నువ్వే తెరిచి పాలమ్మనంటావేం జాంబయ్యా?" అని నల్లయ్య పైనుంచి అరిచింది. జాంబయ్య తల దించుకున్నాడు.

భద్రమ్మ మెల్లగా ముందుకు వచ్చి తొండంతో పాలమ్మ రెక్క తడిమింది. మసి తొండానికి అంటుకుంది.

"నా తప్పూ ఉంది. రోజూ నీ రెక్కలు తడిగా ఉండేవి. మంచు అనుకున్నాను. ఒక్కసారి తాకి చూస్తే తెలిసేది. చూడాలనిపించలేదు. దీపాలు వెలుగుతున్నాయిగా, ఎందుకులే అనుకున్నాను."

అప్పుడు చారలత్త వచ్చింది. అరవలేదు. పాలమ్మ ఎదురుగా నిలబడి, "ఆ రోజు చెప్పుంటే ఆ రోజే కాలవ దాటి పోయేదాన్ని కదే" అంది. అంతే అంది. పిల్లలను వీపు మీద ఎక్కించుకుని అటునుంచి అటే అవతలి ఒడ్డుకు వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ కొమ్మ వైపు రాలేదు.

ఆ రోజే కొలిమి ఆపారు. సంచులు దించి చూస్తే బూడిద బరువుకు అడుగులు తెగిపోయి ఉన్నాయి. కొత్తవి అల్లాలంటే గిజిగాళ్ళకు పచ్చగడ్డి కావాలి. అది తొలకరి పడితేగాని రాదు.

"అయితే తొలకరి దాకా దీపాలుండవు" అంది భద్రమ్మ.

కొందరు గొణిగారు. నక్క అయితే పైకే అంది, "ఉక్కపోతలో చీకట్లో చావాలా?" అని. కాని జింకలపేటలోనూ పిల్లలు దగ్గుతున్నారు. ఆ దగ్గులు విన్నాక గొణుగుడు తగ్గింది.

పాలమ్మ నురగను తీసుకుని మళ్ళీ ఓబయ్య దగ్గరికి వెళ్ళింది. ఈసారి నిజమంతా చెప్పింది.

ఓబయ్య మళ్ళీ నురగ ఛాతీకి చెవి ఆనించాడు. తర్వాత, "ఆ రోజే చెప్పుంటే పిల్లను వేరే ఊరికి పంపమనేవాణ్ణి. నేనేమో బయట తిప్పమన్నాను. నా నోటితోనే అన్నాను" అన్నాడు.

"ఇప్పుడు మందు లేదా?"

"ఇంక ముదరకుండా చూస్తాను. అంతవరకే నా చేతిలో ఉంది. రెక్క మీద పడ్డది కాలవలో కడుక్కున్నావు పాలమ్మా. లోపల పడ్డదాన్ని ఏ కాలవలో కడుగుతాం?"

గుంపు ఉప్పుటేటికి ఎగిరిపోయింది. ఎండిన చెరువు గట్టు మీద తల్లీ కూతురూ మిగిలారు. నల్లయ్య ఎక్కడెక్కడినుంచో చిన్న చిన్న చేపలు ముక్కున కరుచుకొచ్చి, ఏమీ అనకుండా వాళ్ళ ముందు పడేసి పోయేది.

తొలకరి పడింది. గడ్డి మొలిచింది. గిజిగాళ్ళు కొత్త సంచులు అల్లాయి. జాంబయ్య పక్క తలుపును తన చేత్తోనే ఇటుకలు పేర్చి మూసేశాడు. కొలిమి కొత్తగా రాజేసేటప్పుడు తప్ప ఆ ఇటుకలు తీయనని, తీసిన నాడు పట్నమంతటికీ చెప్పి తీస్తానని భద్రమ్మకు మాట ఇచ్చాడు. పాలమ్మ ప్రతి ఉదయం కడుక్కోకుండా వచ్చి అరుగెక్కేది. భద్రమ్మ చూడడమే కాదు, తొండంతో తడిమి మరీ చెప్పేది. "మాసింది" అన్న రోజు ఎవరూ నవ్వేవారు కాదు. పెళ్ళిళ్ళు ఉన్నా సరే, మర్నాటికి మార్చుకునేవారు. తుమ్మలపేట గాలి తేటపడింది. ఆ వానల్లో పుట్టిన పిల్లలెవరికీ దగ్గు రాలేదు.

మళ్ళీ ఎండలు వచ్చాయి. కొత్త పిల్లలు చెరువు చుట్టూ మూడుసార్లు తిరిగి గుంపులో కలిశారు. నురగ ప్రయత్నించింది. ఈసారి కూడా మూడో చుట్టు పూర్తి కాలేదు.

గుంపు తెల్లని దండలా ఆకాశంలో సాగిపోతోంది. నురగ గట్టు మీద కూర్చుని, అది కనుమరుగయ్యేదాకా చూసింది. తర్వాత తన రెక్కలు చాపి అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"అమ్మా, నా రెక్కలు తెల్లగానే ఉన్నాయిగా. మరి నేనెందుకు ఎగరలేకపోతున్నాను?"

పాలమ్మ కూతురిని రెక్క కిందికి తీసుకుంది. ఆ రెక్క మీద ఆ ఉదయపు దుమ్ము అలాగే ఉంది.

"నీ రెక్కల్లో లోపం లేదు తల్లీ. నా రెక్కలు నిజం చెప్పాల్సిన రోజున చెప్పలేదు" అంది.

నీతి: పీల్చే గాలి మాసినప్పుడు సిగ్గుకో, దీపం ఆరుతుందన్న భయానికో దాచకండి, ఆ రోజే చెప్పండి. ఆలస్యంగా చెప్పిన నిజం రేపటి పొగను ఆపగలదు కాని, నిన్న పీల్చిన పొగను వెనక్కి తీయలేదు.